బ్యానరు సరే... మర్నాటి సంగతేంటి?

ఆరోగ్య దినాలు, అవగాహన మాసాల పేరుతో ఊళ్లో, కాలనీలో ఏదైనా మంచి పని చేయాలనుకుంటున్న పాఠకులు చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్నిటికి సామాజిక వైద్య నిపుణుల జవాబులు ఈ నెల ఇస్తున్నాం.

మా యువజన సంఘం ఏటా ఏప్రిల్ 7న ప్రపంచ ఆరోగ్య దినం ర్యాలీ తీస్తోంది. బడి పిల్లలు తప్ప పెద్దవాళ్లెవరూ రావడం లేదు. వేరే ఏ రోజున పెడితే జనం వస్తారు?
— యువజన సంఘం సభ్యుడు, పల్నాడు జిల్లా

తేదీ తర్వాత చూసుకోవచ్చు. ముందు జబ్బును ఎంచుకోండి. మీ సబ్‌సెంటర్‌కు వెళ్లి ఏఎన్‌ఎం గారిని మూడు సంగతులు అడగండి. బీపీ, షుగరు మందులు మధ్యలో మానేసినవాళ్లు ఎంతమంది? గర్భిణుల్లో హిమోగ్లోబిన్ 11 గ్రాముల లోపు ఉన్నవాళ్లు ఎంతమంది? టీబీ మందులు వాడుతున్నవాళ్లు ఎంతమంది? పేర్లు అడగొద్దు, అంకెలు చాలు. ఏ అంకె ఎక్కువుంటే ఆ జబ్బుకు సంబంధించిన రోజే మీ ఊరి రోజు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో అయితే మార్చి రెండో గురువారం వచ్చే కిడ్నీ దినానికి అర్థం ఉంటుంది. పాడేరు, అరకు వైపు జూన్ 19 సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బు) దినం పనికొస్తుంది. పక్క ఊరివాళ్లు చేశారు కదా అని మనమూ అదే చేస్తే ఫొటోలే మిగులుతాయి.

ఆ తర్వాత పొలం పనులు చూసుకోవాలి. మీ జిల్లాలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరప కోతలుంటాయి. మార్చి 24 టీబీ దినాన పొద్దున పది గంటలకు టెంటు వేస్తే ఎవరొస్తారు? అదే రోజు రాత్రి ఏడింటికి రచ్చబండ దగ్గర పెట్టండి, లేదా వారం అటూ ఇటూ జరపండి. తేదీ మారిందని ఎవరూ తప్పుపట్టరు. ముహూర్తాలున్న రోజులు, పక్క ఊరి సంత రోజు కూడా వదిలేయండి. ఎండాకాలంలో ఉపాధి హామీ పని జరిగే చోటికి మీరే వెళ్లడం ఇంకా మంచిది, జనం అక్కడే ఉంటారు. అయితే బీపీ పని మొదలుకాక ముందే చూడాలి. మట్టి తవ్వి వచ్చినవాళ్లకు అప్పటికప్పుడు చూస్తే వచ్చే అంకెను నమ్మలేం.

ఆరు వారాల ముందే పీహెచ్‌సీ వైద్యాధికారికి ఉత్తరం రాసి, ఒక్క ప్రశ్నకు స్పష్టమైన జవాబు తీసుకోండి: పరీక్షలో తేడా వచ్చినవాళ్లను మర్నాడు ఏ గంటకు, ఎవరి దగ్గరికి పంపాలి? ఆ జవాబు చేతికొచ్చేదాకా కార్యక్రమం వాయిదా వేసుకోవడమే మేలని మా గట్టి అభిప్రాయం. జబ్బుందని చెప్పి దారి చూపకపోతే మనిషికి మిగిలేది భయమే.

మా అపార్ట్‌మెంట్ సంఘం నవంబర్ 14న మధుమేహ దినం సందర్భంగా బీపీ, షుగరు పరీక్షలు పెట్టాలనుకుంటోంది. సుమారు 100 మంది రావచ్చు. ఏమేం కావాలి? పోయినేడాది సగం మందికి బీపీ ఎక్కువని వచ్చింది, తర్వాత డాక్టరు దగ్గర చూపించుకుంటే మామూలుగానే ఉంది. ఎందుకలా?
— సంఘం కార్యదర్శి, హైదరాబాద్

రెండో ప్రశ్నకు జవాబు చెప్తే మొదటిది తేలికవుతుంది. క్యాంపుల్లో బీపీ ఎక్కువ రావడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. మెట్లెక్కి వచ్చిన మనిషిని కూర్చోబెట్టిన వెంటనే పట్టీ చుట్టేస్తారు. కుర్చీకి వీపు ఆనదు, కాళ్లు వేలాడుతుంటాయి, చెయ్యి ఒడిలో ఉంటుంది. చొక్కా చేతి మీదుగానే పట్టీ బిగిస్తారు. వెనక క్యూలో ఉన్నవాళ్లు మాట్లాడిస్తూనే ఉంటారు. వీటన్నిటికీ తోడు, లావుపాటి చేతికి కూడా మామూలు సైజు పట్టీనే వాడతారు. పట్టీ చిన్నదైతే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

సరైన పద్ధతిలో, పరీక్షకు అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రావాలి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు కదలక కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చర్మానికే తగలాలి, దాని అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. చూస్తున్నంతసేపు ఇద్దరూ మాట్లాడకూడదు.

ఇలా చేస్తే ఒక్కో మనిషికి బల్ల దగ్గరే నాలుగైదు నిమిషాలు పడుతుంది. అంటే ఒక బీపీ బల్ల మీద గంటకు 12 మందికి మించి చూడలేరు. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా మూడు గంటల్లో ఒక బల్లకు 36 మంది. కాబట్టి 100 మందికి మూడు బల్లలు, మూడు మెషీన్లు కావాలి. ఒక్కో బల్ల ముందు అయిదు నిమిషాలు కూర్చునేవాళ్ల కోసం విడిగా మూడేసి కుర్చీలు వేయండి. పట్టీలు రెండు సైజుల్లో ఉండాలి, 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత చేతులకు ఒకటి, 32 నుంచి 42 వాటికి ఇంకొకటి. టైలర్ టేపుతో చెయ్యి కొలిచి పట్టీ మార్చడం వాలంటీర్లు పది నిమిషాల్లో నేర్చుకుంటారు. కొత్త బ్యాటరీలు ఒక సెట్టు అదనంగా తెచ్చుకోండి.

షుగరుకు 110 స్ట్రిప్పులు తెప్పించండి, కొన్ని పాడవుతాయి. డబ్బా మీద గడువు తేదీ చూసి, స్ట్రిప్పు తీసిన ప్రతిసారీ మూత బిగించాలి. గాలిలో తేమ తగిలితే అంకెలు తప్పుతాయి. వచ్చినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కుని తుడుచుకుని కూర్చోవాలి. ఇది చిన్న విషయమనుకుంటారు గానీ, అరటిపండు ఒలిచిన వేలి మీద, లడ్డూ పట్టుకున్న వేలి మీద అంటిన తీపి చాలు, లేని షుగరు చూపించడానికి. అందుకే టిఫిన్ స్టాలు పరీక్షలు అయ్యాక దారిలో పెట్టండి, ముందు పెట్టొద్దు. స్పిరిట్ రాస్తే అది పూర్తిగా ఆరాకే వేలి కొన పక్కగా గుచ్చాలి. మొదటి చుక్క దూదితో తుడిచి రెండోది తీసుకోవాలి.

సూది విషయంలో రాజీ వద్దు. ఒకసారి గుచ్చాక మళ్లీ వాడడానికి వీల్లేని రకం లాన్సెట్లు 110 తెప్పించండి. ఇంట్లో వాడుకునే పెన్ను లాంటి పరికరంతో, సూది మార్చినా సరే, పదిమందికి గుచ్చకూడదు. దాని కొనకంటిన రక్తంతో హెపటైటిస్ బి లాంటివి ఒకరి నుంచి ఒకరికి వస్తాయి. ప్రతి మనిషికీ గ్లవ్స్ మార్చాలి. వాడిన లాన్సెట్లు గుచ్చుకోని తెల్లటి గట్టి డబ్బాలో, నెత్తురంటిన దూది పసుపు సంచిలో వేయాలి. ఆ రెండూ ఎవరు తీసుకెళ్తారో ముందే ఆసుపత్రితో మాట్లాడుకోండి. అపార్ట్‌మెంట్ చెత్తబుట్టలో వేస్తే మర్నాడు పారిశుధ్య కార్మికుల చేతులకు గుచ్చుకుంటాయి.

ముందురోజు వాట్సాప్ గ్రూపులో పెట్టే మెసేజ్‌లో రెండు మాటలు తప్పకుండా ఉండాలి. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు రోజూలాగే వేసుకుని రావాలి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తినకుండా మందు తీసుకుని రాకూడదు, కళ్లు తిరిగి పడిపోతారు. తిని వచ్చారా, పరగడుపునా అన్నది స్లిప్పు మీద రాయాలి.

అంకెలు ఇలా చూడండి. బీపీ రెండుసార్లూ 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ‘మరో రోజు మళ్లీ చూపించుకోవాలి’ అని రాయండి. ‘మీకు బీపీ ఉంది’ అని క్యాంపులో తేల్చేయొద్దు. 180/120 దాటితే ఆ రోజే డాక్టరు చూడాలి. దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒక పక్క చచ్చుబడడం ఉంటే 108. షుగరు ఏ వేళలో చూసినా 140 దాటితే పరగడుపున రక్తనాళం నుంచి తీసి చేసే ల్యాబ్ పరీక్షకు పంపండి. అది 126 అంతకుమించి వస్తే మధుమేహంగా చూస్తారు, లక్షణాలేమీ లేకపోతే ఇంకోసారి చేసి నిర్ధారిస్తారు. 70 లోపు వస్తే కూర్చోబెట్టి మూడు చెంచాల పంచదార కలిపిన నీళ్లిచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. మెషీను అంకె బదులు ‘హెచ్ఐ’ అని చూపిస్తే అది కొలవగలిగే హద్దు దాటిందని అర్థం. ఆ మనిషిని ఇంటికి పంపకండి, నేరుగా ఆసుపత్రికే.

స్లిప్పు రెండు ప్రతులుండాలి. ఒకటి మనిషికి, ఒకటి మీకు. అంకె, ఎక్కడికి వెళ్లాలి, ఏ రోజు వెళ్లాలి తెలుగులో రాయండి. ఫోన్ నంబరు అడిగి, మళ్లీ ఫోన్ చేయొచ్చా అని ఒప్పుకోలు తీసుకోండి. అంకెల్ని బయటికి చదవొద్దు, గ్రూపులో అసలు పెట్టొద్దు. ఏడో రోజున తేడా ఉన్నవాళ్లకు మాత్రమే ఫోన్ చేసి వెళ్లారా అని అడగండి. వెళ్లనివాళ్లకు నెల తిరిగాక మరోసారి చేయండి. బస్తీ దవాఖానాలో, పీహెచ్‌సీలో బీపీ, షుగరు మందులు ఉచితంగా ఇస్తారని చాలామందికి ఆ ఫోన్‌లోనే తెలుస్తుంది. మీ క్యాంపు ఎలా జరిగిందో చూసుకోవాలంటే ఎంతమంది వచ్చారన్నది కాదు, పంపినవాళ్లలో ఎంతమంది డాక్టరును కలిశారన్నది లెక్కపెట్టండి.

అక్టోబరులో రొమ్ము క్యాన్సర్ అవగాహన సభ పెడితే మా సంఘం ఆడవాళ్లు సిగ్గుపడి రావడం లేదు. వచ్చినవాళ్లకు గులాబీ రిబ్బన్లు పంచి పంపేశాం. ఇంకా ఏం చేయగలం?
— పొదుపు సంఘం లీడరు, మహబూబాబాద్ జిల్లా

సభ వద్దు తల్లీ, మైకు అసలే వద్దు. మీ సంఘం నెలవారీ సమావేశం ఎలాగూ జరుగుతుంది, ఆ రోజునే వాడుకోండి. బ్యానరు మీద క్యాన్సర్ మాట లేకుండా ‘మహిళల ఆరోగ్య పరీక్షలు’ అని రాయండి. ఆ బోర్డు కింద నుంచి బయటికొస్తూ కనబడితే ఊరంతా ఏమనుకుంటుందోనన్న భయం సగం తగ్గుతుంది.

30 ఏళ్లు నిండిన ఆడవాళ్లకు రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు చేయడం ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. శిక్షణ పొందిన నర్సును పంపమని పీహెచ్‌సీని అడగండి. లోపల గడియ ఉన్న గది కావాలి. అంగన్‌వాడీ కేంద్రమైతే కిటికీలకు చీరలు కట్టండి. మంచం, దుప్పటి, చేతులు కడుక్కోవడానికి నీళ్లు, తలుపు దగ్గర కాపలాకు మీ సంఘం మనిషి ఉండాలి. చుట్టుపక్కల మగ వాలంటీర్లు తిరగకూడదు. రొమ్ము పరీక్ష సరిగ్గా చేయాలంటే ఒక్కొక్కరికి అయిదు నుంచి పది నిమిషాలు పడుతుంది. ఒక నర్సుకు రోజుకు 30 మందికి మించి పెట్టొద్దు. 80 మందిని పిలిస్తే చివరివాళ్లకు తూతూ మంత్రంగా సాగుతుంది, వాళ్లేమో అంతా బాగుందన్న ధైర్యంతో వెళ్లిపోతారు. అది పరీక్ష చేయకపోవడం కంటే ప్రమాదం.

చెప్పాల్సిన మాటలు కొన్నే. గడ్డ నొప్పి లేకుండా ఉందని ఊరుకోకూడదు, క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు. చనుమొన లోపలికి లాక్కుపోవడం, నెత్తురు స్రవించడం, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడడం, చంకలో బిళ్ల కట్టడం చూపించుకోవాల్సిన గుర్తులు. అయితే చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కావు, ఈ మాట గట్టిగా చెప్పండి. ‘సూది గుచ్చితే పాకుతుంది’ అన్న మాట మీ దగ్గర కూడా వినిపిస్తూ ఉంటుంది. అది నిజం కాదు. బయాప్సీ, అంటే గడ్డ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష, చేయకుండా ఏ గడ్డో తెలియదు, సరైన మందూ మొదలుకాదు.

రిబ్బన్ల డబ్బును బస్సు చార్జీలకు దాచండి. తేడా కనిపించిన మనిషి మొదట జిల్లా ఆసుపత్రికి, అవసరమైతే హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాలి. ఆరోగ్యశ్రీ ఉన్నా దారి ఖర్చు, కూలి నష్టం, తోడు మనిషి లేకపోవడం వల్లే చాలామంది ఇంట్లో ఆగిపోతారు. మొదటిసారి వెళ్లేటప్పుడు సంఘంలో చదువొచ్చిన ఒకరు వెంట వెళ్లాలని ముందే తీర్మానం రాసుకోండి. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు ఒకే సంచిలో పెట్టించండి.

జూన్ 14 రక్తదాతల దినాన మా కాలేజీ తరఫున ఒకే రోజు 300 యూనిట్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకున్నాం. సలహా ఇవ్వండి.
— ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసరు, రాజమహేంద్రవరం

లక్ష్యాన్ని నాలుగు ముక్కలు చేయండి. ఎర్రకణాలు వాడే ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులే నిలవ ఉంటాయి, ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. మీ ఊరి రక్తనిధి వాడకానికి మించి ఒకే రోజు వచ్చి పడితే కొంత గడువు తీరి పారబోస్తారు. ఆ తర్వాత సెలవుల్లో, డెంగీ రోజుల్లో రక్తం దొరకక జనం పరుగులు పెడతారు. ముందుగా లైసెన్సున్న రక్తనిధికి ఫోన్ చేసి, ఏ నెలలో ఎన్ని యూనిట్లు తీసుకోగలరో అడగండి. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు ఒకసారి ఇవ్వొచ్చు. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 75 చొప్పున పెట్టుకుంటే ఏడాదంతా సరిపోతుంది.

18 నుంచి 65 ఏళ్లు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. 450 మిల్లీలీటర్లు తీయాలంటే బరువు 55 కిలోలు దాటాలి. హిమోగ్లోబిన్ తక్కువని చాలామంది అమ్మాయిలు వెనక్కి వెళ్తారు. వాళ్లను ‘రిజెక్ట్’ అనకండి. ఆ అంకె రాసిన స్లిప్పు ఇచ్చి పీహెచ్‌సీకి పంపితే రక్తహీనతకు వైద్యం అక్కడే మొదలవుతుంది.

హాజరు, మార్కులు, బహుమతులు ముడిపెట్టొద్దని గట్టిగా చెప్తున్నాం. వాటి కోసం కొందరు పచ్చకామెర్లు వచ్చిన సంగతి, ఈమధ్యే పచ్చబొట్టు వేయించుకున్న సంగతి దాచేస్తారు. రక్తానికి పరీక్షలు చేస్తారు నిజమే, కానీ ఇన్ఫెక్షన్ సోకిన కొత్తలో పరీక్షకు చిక్కకపోవచ్చు. ఆ రక్తం ఎవరికో ఎక్కుతుంది. కళ్లు తిరిగేవాళ్లలో ఎక్కువమంది తినకుండా వచ్చినవాళ్లే. భోజనం చేయించి, ఇచ్చే ముందు అరలీటరు నీళ్లు తాగించండి. అయ్యాక 15 నిమిషాలు కూర్చోబెట్టండి, వెంటనే బైకు ఎక్కనివ్వొద్దు.

టీబీ దినాన పది మంది రోగులకు స్టేజీ మీద పోషకాహార కిట్లు ఇచ్చి ఫొటోలు వేయించాలనుకుంటున్నాం.
— సేవా క్లబ్బు సభ్యుడు, కరీంనగర్

కిట్లు ఇవ్వండి. స్టేజీ, ఫొటో మానేయండి. ఆ ఒక్క ఫొటోతో ఇల్లు ఖాళీ చేయించినవాళ్లు, సంబంధం చెడగొట్టుకున్నవాళ్లు ఉంటారు. దాంతో భయపడి దగ్గున్నవాళ్లు పరీక్షకే రారు.

టీబీ రోగులకు సాయపడేవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన పథకంలో ని-క్షయ్ మిత్రగా నమోదు చేసుకుంటే, ఒప్పుకున్న రోగులకే, టీబీ సిబ్బంది ద్వారా సాయం అందుతుంది. ఒక నెల ఇచ్చి ఆపేయొద్దు, చికిత్స కనీసం ఆరు నెలలు సాగుతుంది. నెలకు బియ్యం లేదా చిరుధాన్యాలు 3 కిలోలు, పప్పులు కిలోన్నర, నూనె పావు కిలో, వేరుశనగలు కిలో అనుకోండి. గుడ్లు కూడా ఇవ్వగలిగితే మరీ మంచిది. పది మందికి ఒక నెల పెట్టే ఖర్చుకు ఇంకాస్త కలిపి ఇద్దరికి ఆరు నెలలు ఇవ్వడమే మా సలహా. మైకులో చెప్పాల్సిన మాట ఒక్కటే: రెండు వారాలకు మించి దగ్గుంటే కఫం పరీక్ష చేయించుకోండి, పరీక్షా, మందులూ రెండూ ఉచితం.

ఒక ప్రైవేటు ఆసుపత్రి, ఒక పోషకాహార పౌడరు కంపెనీ కలిసి మా గుడి ఆవరణలో ఉచిత క్యాంపు పెడతామంటున్నాయి. ఒప్పుకోవచ్చా?
— ఆలయ కమిటీ సభ్యురాలు, నెల్లూరు

ఆసుపత్రికి షరతులతో ఒప్పుకోవచ్చు. పేర్లు, ఫోన్ నంబర్ల జాబితా కమిటీ దగ్గరే ఉండాలి. స్లిప్పు మీద ప్రభుత్వ ఆసుపత్రి పేరు కూడా రాయాలి. ప్యాకేజీ కూపన్లు పంచకూడదు. ఇవి కాగితం మీద రాయించుకోండి.

పౌడరు కంపెనీకి వద్దని చెప్పండి. చేతిలో లోహపు కడ్డీ పట్టుకోమని, రెండు నిమిషాల్లో ఒంట్లోని అవయవాలన్నిటి మీదా పేజీలకు పేజీలు రిపోర్టు తీసే మెషీన్లకు శాస్త్రీయ ఆధారం లేదు. మడమ మీద పెట్టి ఎముకల బలం చూస్తామనే మెషీనుతో కూడా ఎముకల జబ్బు తేల్చలేరు, అందుకు తుంటి, వెన్నెముకల డెక్సా స్కాన్ కావాలి. మధుమేహం, క్యాన్సర్ లాంటివి నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అలాంటి కరపత్రం కనిపిస్తే అక్కడే ఆపించండి.

అమెరికాలో మా తెలుగు సంఘం దీపావళి వేడుకలో షుగరు పరీక్ష స్టాలు పెట్టొచ్చా?
— సంఘం సభ్యుడు, డల్లాస్

పెట్టొచ్చు గానీ, మీరే మెషీను తెచ్చి గుచ్చడానికి లేదు. అక్కడ వేలి రక్తంతో ఇలా పరీక్ష చేయాలంటే ‘క్లియా’ వేవర్ సర్టిఫికెట్ (ఇలాంటి తేలిక పరీక్షలకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఉండాలి. అది ఉన్న ఆసుపత్రిని గానీ ఫార్మసీని గానీ పిలవండి. స్వీట్ల స్టాలు పక్కన మాత్రం వద్దు, కారణం పైన చెప్పాం. మనవాళ్లకు తప్పక చెప్పాల్సింది ఇంకొకటుంది. ఆసియా మూలాలున్నవాళ్లకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే అంకె) 25 దాకా ఆగకుండా 23 నుంచే మధుమేహ పరీక్ష మొదలుపెట్టాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సిఫార్సు. సన్నగా ఉన్నాం కదా అని ఊరుకునేవాళ్లు మనలో ఎక్కువ. ఇన్సూరెన్సు లేకుండా వచ్చి ఉంటున్న తల్లిదండ్రుల కోసం, తక్కువ ఫీజుతో చూసే కమ్యూనిటీ క్లినిక్‌ల చిరునామాలు స్టాల్లో పెట్టండి.

సెప్టెంబరు 28 రేబిస్ దినానికి ఆటోలో మైకు పెట్టి తిప్పుతున్నాం. అరనిమిషంలో ఏం చెప్పాలి?
— పంచాయతీ వార్డు సభ్యురాలు, అనంతపురం జిల్లా

ఇలా రికార్డు చేయించండి: “కుక్క కరిచినా, గీరినా వెంటనే పంపు ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు పెట్టకండి, కట్టు కట్టకండి. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. టీకా ఉచితం. చెప్పిన తేదీలన్నిటికీ వెళ్లండి.”

బడిలో మాత్రం మాటలతో సరిపెట్టొద్దు. ఒక పిల్లవాడి పిక్క మీద పెన్నుతో గాటులా గీసి, పంపు కింద సబ్బుతో కడిగిస్తూ గడియారం చూడమనండి. రెండు నిమిషాలకే అయిపోయిందంటారు. పదిహేను నిమిషాలంటే ఎంతసేపో అక్కడ తెలుస్తుంది. ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకాను 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. గాయం మానిందని చాలామంది మానేసేది 28వ రోజుదే. కరిచినవాళ్ల ఇంటి క్యాలెండరులో ఆ నాలుగు తేదీలకూ సున్నా చుట్టి రమ్మని ఆశా కార్యకర్తకు చెప్పండి. గాయం నుంచి నెత్తురు వస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్) కూడా కావాలి. మీ పీహెచ్‌సీలో అది ఉందా, లేకపోతే ఏ ఆసుపత్రిలో దొరుకుతుంది అన్నది ఆటో తిప్పకముందే కనుక్కుని, ఆ ఊరి పేరు కూడా రికార్డింగులో చేర్చండి.